మా మాటలో 'మీరు' లేదు

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం. పిల్లలు అన్నాలు తిని, పళ్లేలు కడుక్కొని వస్తున్నారు. నేను రిజిస్టరు ముందు పెట్టుకొని కూర్చున్నాను. మూడో తరగతి చదివే తాండా పాప ఒకతి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. కాసేపు నా ముఖంలోకి చూసి అడిగింది.

"టీచరూ, నువ్వు అన్నం తిన్నావా?"

ఆ రోజు నేను తినలేదు. పొద్దున్నుంచీ లెక్కల కాగితాలతోనే సరిపోయింది. బడిలో ఇంతమంది ఉండగా ఆ సంగతి గమనించింది ఆ పాప ఒక్కతే. నేను సంతోషపడాల్సింది. కానీ అప్పుడే తోటి ఉపాధ్యాయులు ఇద్దరు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లు నవ్వారు. నాకు సిగ్గేసింది. "టీచర్‌ను నువ్వు అంటావా? మర్యాద నేర్చుకో. మీరు అనాల" అని గద్దించాను.

ఆ పాప తల దించుకొని పోయింది. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. ఏదైనా అడిగితే తల ఊపేది, లేకపోతే పక్క పిల్ల చెవిలో చెప్పి ఆ పిల్లతో నాకు చెప్పించేది.

ఆ పాప ఆ మాట ఎందుకన్నదో ఆ బడిలో అందరికన్నా బాగా తెలియాల్సిన మనిషిని నేనే. నేనూ సుగాలీనే. ఇదే మాటకు నేనూ చిన్నప్పుడు దెబ్బ తిన్నాను.

మా తాండా బనగానపల్లె పక్కన. చుట్టూ నాపరాళ్ల గనులు. మా నాయన గనిలో రాయి తీసేవాడు. గనిలో పని లేని కాలంలో మా అమ్మతో కలిసి మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోయేవాడు. ఈ రెండు వాక్యాలు రాస్తుంటేనే నాకు చిక్కు వచ్చి పడింది చూడండి. మా నాయన 'తీసేవాడు' అని రాయాలా, 'తీసేవారు' అని రాయాలా? 'వాడు' అని రాస్తే తండ్రికి మర్యాద ఇవ్వలేదంటారు. 'వారు' అని రాస్తే ఆయన మా నాయనలాగా ఉండడు, ఎవరో ఆఫీసరులాగా ఉంటాడు. మా మాటలో అయితే ఈ చిక్కే లేదు.

మా మాటను మేము గోర్‌బోలి అంటాం. బయటివాళ్లు లంబాడీ భాష అనీ, సుగాలి భాష అనీ అంటారు. అందులో 'మ' అంటే నేను. 'తు' అంటే నువ్వు. 'ఊ' అంటే వాడు, అతను, ఆయన, అది, ఆమె, ఆవిడ అన్నీను. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా, పెద్దకైనా చిన్నకైనా ఒక్కటే 'ఊ'. వచ్చింది మగమనిషా ఆడమనిషా అనేది తర్వాత వచ్చే క్రియ చెబుతుంది. 'ఊ ఆయో' అంటే మగమనిషి వచ్చాడని, 'ఊ ఆయి' అంటే ఆడమనిషి వచ్చిందని. వచ్చిన మనిషి గొప్పా తక్కువా అనేది మాత్రం ఏ మాటా చెప్పదు.

'తమ్' అనే మాట ఉంది. నలుగురిని కలిపి పిలవడానికి అది వాడతాం. మా తాండాలో ఒక్క మనిషిని 'తమ్' అనడం నేను వినలేదు. తాండా నాయక్‌నైనా 'తు' అనే వాళ్లం. తాతను 'తు', నాలుగేళ్ల మనవడిని 'తు', సేవాలాల్ మహరాజ్‌కు మొక్కుకునేటప్పుడు కూడా 'తు'. ఇంటికి ఎవరు వచ్చినా 'ఆవ్, బేస్, బాటి ఖా' అనే పిలుపే. రా, కూర్చో, రొట్టె తిను.

అంటే మాకు మర్యాద తెలియదా? తెలుసు. అది సర్వనామంలో ఉండదు, అంతే. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవం. యాడి, కాకా, మామా అని వరసలు కలుపుతాం. పెద్దవాళ్లు వస్తే మంచం మీద నుంచి లేస్తాం. రామ్ రామ్ అంటాం. చెంబుతో నీళ్లు ఇచ్చాకే మాట మొదలుపెడతాం. తాత తినకుండా మా నాయన ముద్ద ముట్టేవాడు కాదు. కానీ తాతతో 'తు' అనే మాట్లాడేవాడు. ఆ రెండింటికీ గొడవ లేదు.

నేను ఊళ్లో బడికి పోయినప్పుడు నాకు తెలుగు అంతంతమాత్రం. మొదట నేర్చుకున్నది మాటకు మాట. 'తు' అంటే 'నువ్వు'. అది పట్టుకొనే ఒక రోజు సారు దగ్గరికి పోయి "సారూ, నువ్వు పిలిచినావంట" అన్నాను. వీపు మీద దెబ్బ పడింది. దెబ్బ కన్నా తర్వాత వచ్చిన మాట ఎక్కువ నొప్పి పెట్టింది. "సుగాలోళ్లకు మర్యాద ఎట్లా వస్తుందిలే" అన్నారు. తరగతి అంతా నవ్వింది. నేను చేసిన తప్పు ఏమిటో ఎవరూ చెప్పలేదు. నా కులంలోనే తప్పు ఉందని మాత్రం అర్థమైంది.

ఆ తర్వాత నేను తెలుగు మర్యాదను చాలా జాగ్రత్తగా గమనించడం మొదలుపెట్టాను. దెబ్బ తప్పించుకోవాలంటే గమనించక తప్పదు గదా. అలా గమనిస్తుంటే ఒక సంగతి తెలిసింది. తెలుగులో మనుషుల కోసం ఒక నిచ్చెన ఉంది. వాడు, అతను, ఆయన, వారు. ఆడవాళ్లకు అది, ఆమె, ఆవిడ, వారు. ఒక్కో మనిషిని ఒక్కో మెట్టు మీద నిలబెడతారు. ఎవరు ఏ మెట్టు అనేది వయసును బట్టి ఉంటుందని సార్లు చెప్పారు. కానీ బజారులో వేరేగా ఉంది.

మా నాయనకు అప్పటికే తల నెరిసింది. ఊళ్లో భూములున్న ఇంటి పిల్లవాడు, నా ఈడు వాడు, మా నాయనను "ఒరే నాయకా, ఇట్లా రా" అని పిలిచేవాడు. మా నాయన ఆ పిల్లవాడిని "ఏం సామీ" అనేవాడు. వయసును బట్టి మర్యాద అయితే ఇది తలకిందులు కావాలి. అంగడికి మా అమ్మ పోతే, అద్దాలు కుట్టిన రవిక, గాజులు చూసి అంగడాయన లోపలికి కేకేసేవాడు. "సుగాలిది వచ్చింది, దానికేం కావాల్నో చూడు." పక్కనే నేను నిలబడి ఉండేదాన్ని. తెలుగులో ఆవు వచ్చినా వచ్చింది, మా అమ్మ వచ్చినా వచ్చింది. ఆవును 'అది' అంటారు, మా అమ్మనూ 'అది' అన్నారు. అదే అంగడికి కరణం గారి భార్య వస్తే "అమ్మగారు వచ్చినారు" అనేవాడు. ఆమెకు ఆవుతో పోలిక లేని క్రియ దొరికింది.

మాల, మాదిగ పేటల్లోని పెద్దవాళ్లకు కూడా ఇదే జరిగేది. పేరు చివర 'గాడు' తగిలించడం, ముసలి మనిషిని 'ఒరే' అనడం. కాబట్టి నాకు అర్థమైన సంగతి ఇది. నన్ను కొట్టింది మర్యాద లేదని కాదు. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఆ పట్టిక నాకు ఇంకా రాలేదని కొట్టారు. 'మీరు' నేర్పడం అంటే సగం పాఠమే. మిగతా సగం, ఎవరిని 'మీరు' అనకూడదో నేర్పడం. ఆ రెండో సగం ఏ పుస్తకంలోనూ ఉండదు. పిల్లలు బజారులో నేర్చుకుంటారు.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. ఇప్పటికీ బజారులో తెలుగుతో పాటు ఉర్దూ వినిపిస్తుంది. ఉర్దూలో మూడు మెట్లు. తూ, తుమ్, ఆప్. చిన్నప్పుడు ఉర్దూ మాట్లాడే ఇళ్లలో 'తూ' అనే మాట వినబడితే నాకు ప్రాణం లేచొచ్చేది, మా మాట లాగే ఉందని. తర్వాత తెలిసింది, వాళ్లలో బయటి మనిషిని 'తూ' అంటే తిట్టినట్టని. ఒకే ఊళ్లో మూడు లెక్కలు నడుస్తున్నాయన్నమాట. తెలుగువాళ్ల మీరు, ఉర్దూవాళ్ల ఆప్, మా తు. మొదటి రెండూ ఒకదానికొకటి అర్థమవుతాయి. మూడోది మాత్రం ఎవరికీ అర్థం కాదు, మోటు అనిపిస్తుంది.

నిజానికి తెలుగువాళ్లకూ 'తు' తెలుసు. యాగంటికి పోయి ఉమామహేశ్వరుడి ముందు నిలబడి "స్వామీ, నువ్వే దిక్కు" అంటారు గానీ "మీరే దిక్కండీ" అని ఎవరూ అనరు. అమ్మను నువ్వు అంటారు. ప్రాణస్నేహితుడిని నువ్వు అంటారు. అంటే తెలుగులో 'నువ్వు' రెండు చోట్ల ఉంది. బాగా దగ్గరివాళ్ల దగ్గర ఉంది, బాగా తక్కువగా చూసేవాళ్ల దగ్గర ఉంది. ఆ పాప నన్ను 'నువ్వు అన్నం తిన్నావా' అన్నప్పుడు మొదటి దానిలో అన్నది. నేను రెండోదిగా విన్నాను. తాండాలో పుట్టిన నేను ఊరి చెవులతో విన్నాను.

ఇట్లాంటి తంటా మనకొక్కరికే అనుకున్నాను. ఆ మధ్య జావా గురించి చదివాక మనసు కొంచెం తేలికపడింది. ఇండోనేషియాలో జావా ద్వీపం ఉంది గదా, అక్కడి జావా భాషలో మర్యాద సర్వనామంతో ఆగదు. మామూలు మాటలకు కూడా మెట్లుంటాయి. కింది తీరును ఙోకో అంటారు, పై తీరును క్రామ అంటారు. మన వర్ణమాలలో ఎందుకుందా అని పిల్లలు అడిగే 'ఙ' అక్షరం అక్కడ నిజంగా పనికొస్తుంది. తినడం అనే ఒక్క పనికే ఙోకోలో మఙన్, క్రామలో నెద, బాగా గౌరవించాల్సిన మనిషి తింటే ధహర్. ఎదుటి మనిషి స్థాయి తెలియకుండా అక్కడ 'తిన్నావా' అని అడగడమే కష్టం.

అదే జావాలో సోలో, యోగ్యకర్త అనే రాజధానులకు దూరంగా పడమటి వైపు బాన్యుమాస్ అనే ప్రాంతం ఉంది. అక్కడి రైతులు ఈ మెట్లను పెద్దగా పట్టించుకోరు. ఎక్కువగా ఒక్క తీరులోనే మాట్లాడుకుంటారు. రాజు కొలువుకు దూరంగా ఉన్నందువల్ల కొలువు మాట వాళ్ల నాలుకకు అంతగా ఎక్కలేదని చెబుతారు. వాళ్ల యాసకు 'ఙపక్' అని పేరు పెట్టి మిగతా జావా వాళ్లు నవ్వుతారు. టీవీలో పనివాళ్లకూ, నవ్వించే వేషాలకూ ఆ యాస పెడతారు. మన సినిమాల్లో ఎవరి యాసను ఎవరికి పెడతారో మీకు తెలుసు. అయితే ఈ కాలం బాన్యుమాస్ యువకులు ఊరుకోలేదు. మా యాస మాట్లాడకపోతే మాకు హాయి లేదు అనే అర్థం వచ్చే మాటను చొక్కాల మీద అచ్చు వేయించుకొని తిరుగుతున్నారు. అంతకు చాలా ముందే, 1917లో, సురబాయ పట్నంలో జావా దీపా అనే ఉద్యమం వచ్చింది. పెద్ద చిన్న అనే తేడా లేకుండా అందరూ ఙోకోలోనే మాట్లాడుకోవాలని అడిగింది. ఆ ఉద్యమం గెలవలేదు, క్రామ ఇప్పటికీ ఉంది. కానీ నూరేళ్ల కిందటే ఎక్కడో సముద్రం అవతల మనుషులు ఈ ప్రశ్న అడిగారని తెలిస్తే నాకు ధైర్యం వచ్చింది.

ఇంతవరకు చదివి, 'మీరు' అనే మాట వద్దంటున్నానని అనుకోకండి. మా నాయన గురించి ఇంకొక సంగతి ఉంది.

నాకు ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా అయి, ఉద్యోగం వచ్చిన కొత్తలో మా నాయనను తీసుకొని ఒక బ్యాంకుకు పోయాను. బల్ల అవతల కుర్రాడు తల ఎత్తి, "మీరు కూర్చోండి సార్" అన్నాడు. మా నాయన వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఎవరో పెద్దమనిషి నిలబడ్డాడని. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. "నాయనా, నిన్నే" అన్నాను. కూర్చున్నాడు. కుర్చీ చివర కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక మా అమ్మకు గోర్‌బోలిలో అంతా చెప్పాడు. 'మీరు కూర్చోండి సార్' అనే మూడు మాటలు మాత్రం తెలుగులోనే చెప్పాడు. వాటికి మా మాటలో సమానం లేదు గదా. ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు.

అందరూ 'తు' అనుకునే చోట ఎవరికీ 'మీరు' అక్కర్లేదు. కానీ ఒకరిని 'మీరు' అని ఇంకొకరిని 'ఒరే' అనే చోట, 'మీరు' అందని మనిషికి ఆ మాట అన్నం లాంటిది. దళితులూ మనమూ పేరు చివర 'గారు' కోసం పట్టుబట్టింది అందుకే. దాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు.

కాబట్టి సమానం కావడానికి రెండు దారులున్నాయి. అందరినీ 'నువ్వు' అనడం ఒకటి. అందరినీ 'మీరు' అనడం ఒకటి. మా పిల్లలకు ఇంగ్లీషు పాఠంలో ఇది సులభంగా అర్థమవుతుంది. ఇంగ్లీషులో ఇప్పుడు 'యూ' ఒక్కటే. పూర్వం వాళ్లకూ రెండుండేవి. 'దౌ' మన నువ్వు లాంటిది, 'యూ' మన మీరు లాంటిది. పదిహేడో శతాబ్దంలో క్వేకర్లు అనే మతశాఖ వాళ్లు దేవుడి ముందు అందరూ సమానమే అని చెప్పి జడ్జీలనూ జమీందార్లనూ కూడా 'దౌ' అన్నారు. దానికి దెబ్బలు తిన్నారు. చివరికి ఇంగ్లీషు ఇంకో దారిన పోయింది. 'దౌ' వాడుకలోంచి జారిపోయి, అందరికీ 'యూ' మిగిలింది. క్వేకర్ల దారి మా తాండా దారి. ఇంగ్లీషు చివరికి పోయిన దారి తెలుగుకు వీలైన దారి. ఏ దారైనా సరే, నిచ్చెన మీద మనుషులను వేరువేరు మెట్లలో నిలబెట్టకపోతే చాలు.

మన గురించి మనం గొప్పలు చెప్పుకోవడం కూడా మంచిది కాదు. మా మాటలో మెట్లు లేవు గానీ మా తాండాలో ఉన్నాయి. పండుగలకూ పెళ్లిళ్లకూ డప్పు కొట్టే ఢాలియా వాళ్లను మేము 'తు' అనేవాళ్లం, వాళ్లూ మమ్మల్ని 'తు' అనేవాళ్లు. కానీ వాళ్లతో పిల్లను ఇచ్చిపుచ్చుకోవడం లేదు, కలిసి కూర్చొని తినడం లేదు. నాయక్ ముందు పంచాయతీ జరిగితే ఆడవాళ్లు దూరంగా నిలబడి వినాల్సిందే. మాది గోర్, బయటివాళ్లందరూ కోర్ అని మేమూ గీత గీసుకున్నాం. 'ఊ' అనే ఒక్క మాటలో మా అమ్మా మా నాయనా సమానంగా ఇమిడారు. కానీ గుంటూరు కూలి డబ్బులు ఎవరి చేతిలో పడ్డాయో నాకు తెలుసు. భాషలో సమానత్వం ఉంటే బతుకులో కూడా ఉన్నట్టేనని నేను చెప్పలేను. భాష ఒక విత్తనం ఇచ్చింది. నీళ్లు మేమే పోయలేదు.

అయినా ఆ విత్తనం పోగొట్టుకోకూడదు. ఇప్పుడు మన పిల్లలు దాన్ని పారేయడానికి తొందరపడుతున్నారు. నంద్యాలలో హాస్టల్లో ఉండి చదివే తాండా పిల్లలు ఫోనులో అమ్మతో మాట్లాడాల్సి వస్తే గది బయటికి పోయి మాట్లాడతారు. ఎవరైనా వింటే "అది హిందీ" అంటారు. ఎరుకల పిల్లలు బజారులో కుర్రు భాష మాట్లాడడానికి వెనకాడతారు. నల్లమల చెంచులు మాట్లాడేది తెలుగే అయినా, వాళ్ల యాస విని నవ్వేవాళ్లున్నారు గనుక వాళ్ల పిల్లలు తరగతిలో నోరు విప్పరు. సిగ్గు అందరికీ ఒకటే.

"అది హిందీ" అని పిల్లలే కాదు, ప్రభుత్వమూ అంటుంది. 2011 జనాభా లెక్కల్లో లమానీ లేదా లంబాడీ మా మాతృభాష అని రాయించుకున్నవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. ఆ లెక్కను హిందీ కింద వేశారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో మా భాష లేదు. గ్రియర్సన్ భారత భాషల సర్వేలో, 1907లో వచ్చిన సంపుటంలోనే బంజారీ భాషకు చోటు ఉంది. నూరేళ్ల తర్వాత, 2004లో, ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టినప్పుడు అందులో బంజారా కూడా ఉంది. మాకు సొంత లిపి లేదు గనుక తెలుగు లిపిలోనే పుస్తకాలు వేశారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధించాలని చెబుతుంది. చట్టం ఉంది, పుస్తకాలూ వచ్చాయి. కానీ తరగతిలో ఉన్న టీచరు, అందులోనూ ఆ భాష వచ్చిన టీచరు, 'మర్యాద నేర్చుకో' అని ఒక్క కేక వేస్తే అవన్నీ ఏం చేస్తాయి? ఆ కేక వేసింది నేనే గదా.

ఆ పాప మాట్లాడకుండా గడిచిన వారం నాకు చాలా పొడుగ్గా గడిచింది. సోమవారం నాడు బోర్డు మీద రెండు గీతలు గీసి మూడు భాగాలు చేశాను. ఒకవైపు తెలుగు, మధ్యలో ఇంగ్లీషు, ఇంకొకవైపు గోర్‌బోలి. నువ్వు, మీరు అని తెలుగు కింద రాశాను. 'యూ' అని ఇంగ్లీషు కింద రాశాను. 'తు' అని గోర్‌బోలి కింద తెలుగు అక్షరాలతో రాశాను. బోర్డు మీద ఆ మాట చూసి తాండా పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ల మాట బోర్డు మీద చూడడం వాళ్లకు అదే మొదలు.

అప్పుడు చెప్పాను. "గోర్‌బోలిలో అందరినీ తు అంటారు. అది వాళ్ల పద్ధతి. అది తప్పు కాదు. తెలుగులో పెద్దవాళ్లను మీరు అంటారు. అది తెలుగు పద్ధతి. తెలుగు మాట్లాడేటప్పుడు తెలుగు పద్ధతి పాటిద్దాం." తర్వాత పాపను పిలిచి, అందరి ముందూ గోర్‌బోలిలోనే చెప్పాను. ఆ రోజు నేను అన్నం తినలేదనీ, అడిగింది నువ్వొక్కదానివేననీ, నేను కోప్పడడం నా తప్పనీ. పాప ఏమీ అనలేదు. కానీ మధ్యాహ్నం వచ్చి నా బల్ల మీద ఒక రేగుపండు పెట్టి పోయింది.

అంతటితో పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. నెల తర్వాత గమనిస్తే పిల్లలు నన్ను 'మీరు' అంటున్నారు, పెద్దసారును 'మీరు' అంటున్నారు. వంట చేసే ఆమెను మాత్రం "ఏమే, ఇంకా కొంచెం పప్పు ఎయ్" అంటున్నారు. ఆమె నాకన్నా పదేళ్లు పెద్ద. తాండా పిల్లవాడు ఒకడు, ఇంతకుముందు మూడు ముక్కల తెలుగు కూడా రానివాడు, ఒక రోజు వాళ్ల అవ్వ బడికి వస్తే నాకు తెలుగులో చెప్పాడు. "టీచర్, అది వచ్చింది." ఆమెను ఊళ్లో అందరూ అట్లాగే అనడం విన్నాడు. వాడు తెలుగు బాగానే నేర్చుకున్నాడు, నిచ్చెనతో సహా.

ఆ రోజు నాకు బుద్ధి వచ్చింది. 'మీరు' నేర్పితే సరిపోదు. అందరికీ ఇవ్వడం నేర్పాలి. బడిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. తోటి ఉపాధ్యాయులు మొదట నవ్వారు గానీ తర్వాత ఒప్పుకున్నారు. బడిలోకి వచ్చే పెద్దవాళ్లు ఎవరైనా 'మీరు'. వంట ఆమె, ఊడ్చే ఆమె, పిల్లను బడిలో దింపడానికి వచ్చిన కూలి తండ్రి, తనిఖీకి వచ్చిన ఆఫీసరు, అందరూ 'మీరు'. వరస కలపాలంటే అక్కా, అన్నా, అవ్వా. టీచర్లం పిల్లలను 'ఒరే', 'ఏమే' అనడం మానేశాం. ఇది చివరిది, అన్నిటికన్నా కష్టమైంది. అలవాటు నాలుక మీద ఉంటుంది. నాకే ఇప్పటికీ కోపంలో జారుతుంది.

మొదట్లో వంట ఆమె పిల్లలు 'మీరు' అంటే ఎగతాళి చేస్తున్నారనుకుంది. మా నాయన బ్యాంకులో వెనక్కి తిరిగి చూసినట్టే ఆమె కూడా చూసింది.

తోటి ఉపాధ్యాయులకు నాదొక మనవి. గిరిజన పిల్లవాడు మిమ్మల్ని 'నువ్వు' అంటే దిద్దండి, కానీ భాషను దిద్దండి, వాడి కులాన్ని కాదు. వాడి ఇంటి మాటలో ఆ మాటకు ఏం అర్థమో ఒక్కసారి అడగండి. తెలుగు పద్ధతి నేర్పేటప్పుడు ఆ పద్ధతి పొలంలో కూలిమనిషికి కూడా వర్తిస్తుందని చెప్పండి. మీరే చేసి చూపించండి. పిల్లలు మనం చెప్పింది వినరు, మనం ఎవరిని ఎట్లా పిలుస్తున్నామో వింటారు.

మన యువకులకు, మన ఆడపిల్లలకు ఇంకొక మాట. తెలుగు బాగా నేర్చుకోండి, ఇంగ్లీషు నేర్చుకోండి, ఎక్కడ మీరు అనాలో అక్కడ అనండి. మీ నాయనకు అందని 'మీరు' కోసం నిలబడి అడగండి. కానీ ఫోనులో అమ్మతో మాట్లాడేటప్పుడు గది బయటికి పోవద్దు. ఎవరైనా ఏ భాష అని అడిగితే హిందీ అని చెప్పకండి. గోర్‌బోలి అని చెప్పండి, కుర్రు అని చెప్పండి, ఏదైతే అది చెప్పండి. మా మాటలో కలెక్టరుకూ, కూలివాడికీ ఒకటే మాట అని కూడా చెప్పండి. తర్వాత తాండాకు వచ్చి, ఆ మాటకు తగ్గట్టు ఢాలియా ఇంట్లో కూర్చొని బాటి తినండి. పంచాయతీలో మీ అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టండి. అప్పుడే ఆ మాట నిజమవుతుంది.

ఆ పాప ఇప్పుడు పెద్ద బడికి పోయింది. మొన్న సంతలో కనబడింది. పక్కన వాళ్ల క్లాసు పిల్లలు ఉన్నారు. ఏ భాషలో పలకరిస్తుందా అని చూశాను. దగ్గరికి వచ్చి, స్నేహితులందరూ వింటుండగా, గోర్‌బోలిలోనే పలకరించింది. 'తు' అనే అన్నది. ఈసారి నేను తిన్నానని చెప్పాను.